చెట్టేదిరా?

దోహాలో అల్ అజీజియా అంటే ఇప్పుడు అందరికీ గుర్తు మెట్రో స్టేషను. గోల్డ్ లైనుకి పడమటి కొస అదే. 2019 నవంబరులో ఆ లైను మొదలైనప్పటినుంచీ, ఎక్కడుంటారని అడిగినవాళ్ళకి "ఆఖరి స్టేషన్" అంటే సరిపోతోంది. నేను వచ్చిన 2001లో ఈ చుట్టుపక్కల చెప్పుకోవడానికి ఖలీఫా స్టేడియం తప్ప పెద్దగా ఏమీ ఉండేది కాదు. 2006 ఆసియా క్రీడల పుణ్యమా అని పక్కనే మూడువందల మీటర్ల టార్చ్ టవరు లేచింది, విలాజియో మాల్ వచ్చింది, ఇసుక నేల మీద ఆస్పైర్ పార్కు పచ్చబడింది. మా వీధులు మాత్రం అలాగే ఉన్నాయి. మట్టిరంగు ప్రహరీలు, ఒక్కో విల్లాని మూడు నాలుగు పోర్షన్లు చేసి అద్దెకిచ్చిన ఇళ్ళు, ప్రతి ప్రహరీ మీంచీ తొంగిచూసే ఖర్జూరపు చెట్లు.

ఊరుగాని ఊళ్ళో ఆ చెట్లే నాకు మొదటి చుట్టాలు. మాది జగిత్యాల దగ్గర పల్లె. గౌండ్లోళ్ళం. బాపు నలభై రెండేళ్ళు తాళ్ళూ ఈతలూ గీశాడు. మన ఈతచెట్టూ ఈ ఖర్జూరమూ ఒకే ఇంటివి. వృక్షశాస్త్రంలో రెండింటి ఇంటిపేరూ ఫీనిక్సే. మన ఈతకి గీత కోసం ఒక ఏడు ఒక పక్కన చెక్కితే, మరుసటేడు రెండో పక్కన చెక్కుతారు. అందుకే గీసిన ఈత మొద్దు మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆ మెట్లు లెక్కబెట్టి చెట్టు ఎన్నేళ్ళు పారిందో బాపు చెప్పేవాడు. ఇక్కడి ఖర్జూరపు మొద్దుకి మట్టలు నరికిన గుర్తులే తప్ప కత్తిగాటు ఒక్కటీ ఉండదు.

వచ్చిన కొత్తలో ఎస్టీడీ బూతు నుంచి ఊరికి ఫోను చేస్తే బాపు జీతం సంగతి అడగలేదు, ఎండ సంగతి అడగలేదు. "చెట్లు మంచిగ పారుతయా?" అన్నాడు. ఇక్కడ గీయరు బాపూ, పండ్లు తింటారు అన్నాను. కొంచెంసేపు మాటలేదు. తరువాత "అన్ని చెట్లు పెట్టుకొని గీయరా!" అని నవ్వాడు. ఆ నవ్వులో జాలి కూడా ఉంది.

ఇంతకీ ఈ దేశంలో మందు సంగతి చెప్పాలి. సెలవుకి వెళ్ళినప్పుడల్లా ఊళ్ళో ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే కదా. ఖతార్‌లో మద్యం అసలు లేదనుకునేవాళ్ళు కొందరు, దుబాయిలాగే ఉంటుందనుకునేవాళ్ళు కొందరు. రెండూ కాదు. లైసెన్సు ఉన్న హోటళ్ళలో పోస్తారు. ఇంటికి తెచ్చుకోవాలంటే దిగుమతి చేసి అమ్మేది ఖతార్ డిస్ట్రిబ్యూషన్ కంపెనీ ఒక్కటే. అందులో కొనడానికి పర్మిట్ కావాలి. పర్మిట్‌కి రెసిడెన్సీ కార్డు కావాలి, పనిచేసే కంపెనీ ఉత్తరం కావాలి, జీతం ఒక మెట్టుకి పైన ఉండాలి. ఎంత కొనొచ్చో కూడా జీతాన్ని బట్టే. కొన్నదాన్ని తిన్నగా ఇంటికి తీసుకుపోవాలి, ఇంకొకరికి అమ్మకూడదు. రంజాన్ నెలంతా అదీ ఉండదు. 2019 జనవరి 1 నుంచి మద్యం మీద నూటికి నూరు పన్ను వేశారు. 2022 ప్రపంచకప్పు ఫుట్‌బాల్ అప్పుడు స్టేడియాల ఆవరణలో బీరు అమ్ముతామని ముందు ఒప్పుకుని, ఆటలు ఇంక రెండు రోజులుందనగా నవంబరు 18న వద్దన్నారు. మా ఇంటికి నడిచిపోయే దూరంలోని ఖలీఫా స్టేడియంలో ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ళు మత్తులేని బీరు తాగి, గొంతు చించుకుని అరిచి, మెట్రో ఎక్కి వెళ్ళిపోయారు. ఎవరికీ ఏమీ తక్కువైనట్టు నాకు కనిపించలేదు.

ఇక సొంతంగా తయారుచేసుకోవడం అంటారా, అది పూర్తిగా నేరం. 2004 నాటి శిక్షాస్మృతి ప్రకారం జైలు, జరిమానా ఉన్నాయి. ఆ తరువాత విమానం ఎక్కించడం ఉంది. సరదాకి ఇంట్లో చేసుకున్నాం అంటే చెల్లదు.

ఆ సరదా చెల్లే దేశం కూడా చూశాను. మా అబ్బాయి, కోడలు కెనడాలో మిస్సిసాగాలో ఉంటారు. 2023 ఎండాకాలంలో నేనూ మా ఆవిడా రెండున్నర నెలలు అక్కడున్నాం. వెళ్ళిన వారానికే ఒక శనివారం అబ్బాయి "నాన్నా, మనం ఇవాళ వైన్ తయారుచేద్దాం" అన్నాడు. వాడు వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను. కిరాణా కొట్టుకీ మంగలి షాపుకీ మధ్య ఒక దుకాణం. లోపల పులిసిన వాసన. నాకు ఒక్కసారిగా మా ఊరి కల్లు మండువ గుర్తొచ్చింది. గోడల పొడుగునా అరల మీద పెద్ద పెద్ద గాజు జాడీలు. ఒక్కోదానికీ మెడలో చీటీ, చీటీ మీద మనిషి పేరు, తేదీ. మూతికి వంకీ తిరిగిన గొట్టం, గొట్టంలో నీళ్ళు. లోపలి గాలి ఆ నీళ్ళలోంచి బుడుగ్ బుడుగ్ మంటూ బయటికి పోతోంది. బయటి గాలి లోపలికి రాదు.

కెనడాలో ఇలాంటి దుకాణాలు 1980ల నుంచీ ఉన్నాయి. బీరు చేసుకునేవి, వైన్ చేసుకునేవి, రెండూ చేసుకునేవి. పద్ధతి ఇది. ముందు ఏ రకం కావాలో ఎంచుకోవాలి. ద్రాక్షరసం డబ్బాలో తయారుగా ఉంటుంది. దాన్ని ఇరవైమూడు లీటర్లకి సరిపెడతారు. ముప్ఫై సీసాల సరుకు అన్నమాట. హైడ్రోమీటరు ముంచి చక్కెర చూస్తారు. మొదట్లో నీటికన్నా చిక్కగా ఉన్న రసం, చక్కెర అంతా ఈస్టు తినేశాక నీటికన్నా పలచబడుతుంది. ఆ అంకె చూసే పని అయిందో లేదో చెబుతారు. వారం పదిరోజులకి మడ్డి కింద వదిలేసి పైతేట వేరే జాడీలోకి మారుస్తారు. మళ్ళీ పులవకుండా మందు కలిపి, తేటపరచి, వడగడతారు. ఇవన్నీ దుకాణం వాళ్ళే చూసుకుంటారు.

ఒక్క పని మాత్రం వాళ్ళు ముట్టుకోరు. ఈస్టు వెయ్యడం. ఐదు గ్రాముల పొట్లం చింపి రసం మీద చల్లాల్సింది కొనుక్కునేవాడే. ఎందుకని అడిగితే దుకాణం ఆవిడ చట్టం చెప్పింది. అక్కడ ఎవరైనా తనకోసం, తన ఇంటివాళ్ళ కోసం వైన్ చేసుకోవచ్చు, దాని మీద సుంకం ఉండదు. ఈస్టు దుకాణం మనిషి చల్లితే అది వ్యాపారం కోసం చేసిన సారా లెక్క. నేను చల్లితే నా ఇంటి వంట లెక్క. ఆ ఐదు గ్రాములు ఎవరి వేళ్ళలోంచి రాలాయన్న దానిమీదే అంతా ఆధారపడి ఉంది. ఆరు వారాల తరువాత సీసాలు కడిగి నింపుకోవాల్సిందీ, బిరడాలు కొట్టుకోవాల్సిందీ మనమే. అమ్ముకోవడానికి లేదు.

"నువ్వే చల్లు నాన్నా" అని అబ్బాయి పొట్లం నా చేతికిచ్చాడు. చల్లాను. కాగితం మీద నా పేరు, తేదీ, సంతకం. సుమారు రెండువందల డాలర్లు. సీసా లెక్కన చూస్తే బయట కొనే ధరలో సగం కూడా కాదని అబ్బాయి సంబరపడ్డాడు.

అక్కడినుంచే బాపుకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాం. కోడలు ఫోను పట్టుకుని జాడీలన్నీ వరసగా చూపించింది. అప్పటికి ఆయనకి డెబ్భై ఎనిమిది. చెట్టెక్కడం మానేసి పదేళ్ళయింది. మనవడు ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. ఇది రసం తాతా, ఇది ఈస్టు, ఇక్కడ ఆరు వారాలు. బాపు అంతా విని, కళ్ళు చిట్లించి చూసి, "అంత మంచిగనే ఉన్నది గని, చెట్టేదిరా?" అన్నాడు.

అందరం నవ్వాం. దుకాణం ఆవిడ ఏమిటని అడిగితే అబ్బాయి చెప్పాడు. ఆవిడా నవ్వింది. కానీ బాపు నవ్వించడానికి అడగలేదు. ఆయన వృత్తిలో సగం కన్నా ఎక్కువ చెట్టే. ఏ చెట్టు ఏ నెలలో పారుతుంది, గెల ఎంత లేతగా ఉన్నప్పుడు కత్తి పెట్టాలి, రోజుకి ఎంత మందం చెక్కాలి, ఏ చెట్టుని ఈ ఏడు వదిలెయ్యాలి, ఇదీ ఆయన చదువు. కల్లుని ఆయన ఎన్నడూ తయారుచెయ్యలేదు. చెట్టు ఇస్తే దించాడు. పులవడం దానంతట అది జరిగేది. రెండో ప్రశ్న ఇంకా బాగుంది. "సీసలు ఎట్ల గడుగుతరు?" అన్నాడు. మా అబ్బాయి మందునీళ్ళు చిమ్మే యంత్రం చూపించాడు. "ఆఁ, గది తెలుసుకున్నరు" అన్నాడు బాపు. మా ఇంట్లో లొట్లు కడిగి ఎండలో బోర్లించడం అవ్వ పని. లొట్టి సరిగ్గా కడగకపోతే పొద్దున దించేసరికే కల్లు పులిసి కంపు కొట్టేది. ఆ రోజు అవ్వకి మాటలు పడేవి.

సీసాలు నింపేరోజున కోడలు చీటీలు అచ్చువేయించింది. తాటిచెట్టు మీద మోకు వేసుకుని నిలబడ్డ బాపు ఫోటో. ఎప్పుడో మా చిన్నాన్న కొడుకు తీసింది. ముప్ఫై సీసాల మీద ముప్ఫై మంది బాపులు. నాకు ఆ వైన్ రుచి ఇప్పుడు జ్ఞాపకం లేదు గానీ ఆ చీటీ ఒకటి నా డైరీలో ఉంది.

మరుసటేడు మా మేనల్లుడు ఖతార్ వచ్చాడు. అక్క చిన్నకొడుకు. ఇరవైనాలుగేళ్ళు. ఇంటరు తప్పి, తాత దగ్గర చెట్టెక్కడం నేర్చి, ఊళ్ళో గీత గిట్టుబాటు కాక, ఏజెంటుకి లక్షా అరవై వేలు కట్టి వచ్చాడు. నూటికి రెండు రూపాయల మిత్తి. ఒక క్లీనింగ్ కంపెనీలో పని, ఇండస్ట్రియల్ ఏరియాలో గది, ఎనిమిది మంచాలు. 2021 మార్చి నుంచి ఇక్కడ కనీస జీతం వెయ్యి రియాళ్ళు అన్నారు, తిండికి మూడువందలు. వాడిది సరిగ్గా అంతే. శుక్రవారాలు మా ఇంటికి వచ్చేవాడు. మా ఆవిడ వాడికోసం సర్వపిండి చేసి ఉంచేది.

ఒక శుక్రవారం తింటూ తింటూ తల ఎత్తకుండా అన్నాడు.

"మామా, మా రూముల ఒక ముచ్చట నడుస్తున్నది."

"ఏంరా?"

"ద్రాక్షరసం డబ్బాలు తెస్తరు. చక్కెర, రొట్టెలల్ల ఏసే ఈస్టు కలిపి మంచాల కింద పెడుతరు. నువ్వు గౌండ్ల పిలగానివి, ఎప్పుడు దించాల్నో నీకెరుక, నువ్వు చూసుకో అంటున్నరు. నెలకు ఎనిమిది వందలిస్తరట."

మా ఆవిడ వంటగది గుమ్మంలో ఆగిపోయింది. ఎనిమిది వందల రియాళ్ళంటే వాడి మిత్తి తీరి అసలు కూడా కరిగే డబ్బు. అది నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

ఈ వ్యవహారం నాకు కొత్త కాదు. పర్మిట్ రాని జీతాలవాళ్ళు ఇక్కడ లక్షల్లో ఉన్నారు. మూసిన సీసాలో గాలి నిండి అర్ధరాత్రి పేలిన గదులు విన్నాను. పులియబెట్టిందానితో ఆగక దొంగచాటుగా కాచేవాళ్ళూ ఉంటారు. అందులోకి మిథనాల్ చేరితే చూపు పోతుంది, ప్రాణం పోతుంది. మనవాళ్ళ విషయంలో ఇంకో బాధ కూడా ఉంది. తెలంగాణలో చాలాచోట్ల కల్లు పేరిట అమ్మేది చెట్టు కల్లు కాదు. నీళ్ళలో క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రజోలం. 2015లో దాని మీద దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అది దొరక్క వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ జనం ఆసుపత్రులకి చేరారు. ఆ అలవాటుతో విమానం దిగినవాడికి ఇక్కడ మొదటి పదిరోజులూ నరకం. అలాంటివాణ్ణి ఒకణ్ణి మా కంపెనీ క్యాంపులో చూశాను. మంచంకోడు పట్టుకుని కూర్చుని వణికాడు. ఏమైందో చెప్పుకోవడానికి భాష లేదు. మంచాల కింద డబ్బాలకి మొదటి గిరాకీ అలాంటివాళ్ళే.

ఇవన్నీ చెప్పాను. వాడు విన్నాడు. విని, "తప్పేమున్నది మామా? తాత చేసిందే గద! మన కులపోళ్ళ పనే గద!" అన్నాడు. "కెనడల బావ చేస్తే సీసల మీద తాత ఫోటో పెట్టిన్రు. నేను చేస్తే దొంగనా?"

దీనికి చట్టం జవాబు ఉంది. ఆ దేశం ఒప్పుకుంటుంది, ఈ దేశం ఒప్పుకోదు. వచ్చినచోటి కట్టుబాటు వచ్చినవాడు పాటించాలి. కానీ వాడు అడిగింది చట్టం కాదు. అందుకని "తాతనే అడుగుదాం" అని ఫోను కలిపాను.

బాపు అంతా విన్నాడు. కోప్పడలేదు. పని సంగతులు అడిగినట్టే అడిగాడు.

"ఎక్కడ పెడతరు?"

"మంచం కింద తాతా."

"డబ్బాలు ఎక్కడ గడుగుతరు?"

"బాత్రూముల."

"ఎవలకన్న కడుపుల నొస్తె?"

వాడు మాట్లాడలేదు.

"నేను నలభై ఏండ్లు గీసిన. ఎక్సైజోళ్ళు వచ్చి చెట్లకు నంబర్లు ఏసి పొయ్యెటోళ్ళు. సంఘంల నా పేరున్నది, చెట్టు పన్ను కట్టిన రసీదులు సందుగుల ఉన్నయి. పట్టపగలు, ఊరంత చూస్తాంటె, కుండ నెత్తిన పెట్టుకొని వచ్చిన. ఎన్నడన్న దాసినానురా? మంచం కింద దాసేది గౌండ్లోని పని గాదు."

తరువాత ఇంకో మాట అన్నాడు. "మీ పెద్దమామ చెట్టు మీదికెల్లి పడ్డనాడు కూడ ఊరంత ఉరికొచ్చింది. నువ్వు పడితె ఎవలొస్తరు?"

మా అన్న 1994లో తాటిచెట్టు మీంచి పడ్డాడు. నడుము విరిగి ఆరేళ్ళు మంచంలో ఉండి పోయాడు. నేను చదువుకుని ఇక్కడికి రావడానికి కారణం అదే. ఆ మాట మా ఇంట్లో ఎవరమూ తియ్యం. బాపే తీశాడు.

వాడు ఆ పనికి ఒప్పుకోలేదు. గది మార్పించమని క్యాంపు బాసుని అడిగి రెండు గదుల అవతలకి మారాడు. నాలుగు నెలలకి ఆ పాత గదిలోంచి ఇద్దరిని పోలీసులు తీసుకుపోయారు. ఇద్దరూ చిన్నపిల్లల తండ్రులు. శిక్ష అయ్యాక ఇంటికి పంపేశారని విన్నాను. ఏజెంటు అప్పు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. దానికి దేశబహిష్కారం లేదు.

ఈ సంగతి ఆఫీసులో నా పక్క బల్ల ట్యునీషియా మనిషికి చెప్పాను. అతను ఎగిరి గంతేశాడు. వాళ్ళ దక్షిణ ప్రాంతంలో ఖర్జూరం చెట్టు మొవ్వు దగ్గర గీసి రసం దించుతారట. దాని పేరు లగ్మీ. పొద్దున తియ్యగా ఉంటుంది, పిల్లలకి కూడా పోస్తారు. సాయంత్రానికి మత్తెక్కుతుంది. మన నీరా, మన కల్లు! చెట్టు వేరు, భాష వేరు, మతం వేరు, గడియారం ఒకటే. మన దగ్గర లొట్టిలో సున్నం పూస్తే నీరా పులవకుండా ఆగుతుంది, కాస్తే బెల్లం అవుతుంది. పూయకపోతే గాలిలో ఉన్న ఈస్టే పని మొదలుపెడుతుంది. అందులో నూటికి పది పన్నెండు పాళ్ళు ఉండే చక్కెర పొద్దెక్కే కొద్దీ సారాయి అవుతూ వస్తుంది.

అతనే నబీజ్ గురించి చెప్పాడు. ఖర్జూరాలో ఎండుద్రాక్షలో రాత్రి నీళ్ళలో నానబెట్టి పొద్దున తాగే పానీయం. ప్రవక్త కూడా తాగేవారని హదీసుల్లో ఉంది. మూడో రోజు సాయంత్రం దాటితే మాత్రం ఉంచేవారు కాదు. నిషా ఎక్కడ మొదలవుతుందో ఆ ఎడారివాళ్ళకీ బాగా తెలుసు. మా బాపుకి తెలిసిన చదువే అది. ఆయన పొద్దటిది, మాపటిది అంటాడు. ఇక్కడ అనుమతి ఉన్నది, లేనిది అంటారు. నాకు ఈ దేశం ఆ రోజు కొంచెం దగ్గరగా వచ్చినట్టనిపించింది.

మేనల్లుడికి ఇది చెప్పి, ఒక శుక్రవారం వాణ్ణి అల్ జుబారా తీసుకెళ్ళాను. దోహాకి వంద కిలోమీటర్ల దూరం, వాయవ్య తీరం. పద్దెనిమిదో శతాబ్దంలో ముత్యాల వ్యాపారంతో వెలిగి, 1811లో నాశనమైన ఊరు. 2013లో యునెస్కో జాబితాలో చేరింది. తవ్వకాల్లో బయటపడ్డ ఇళ్ళల్లో మద్‌బసాలు ఉన్నాయి. చిన్నగది, నేలంతా గచ్చుతో చేసిన గట్లూ కాలువలూ. దానిమీద ఖర్జూరపు బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చేవారు. పైబరువుకి కిందివి నలిగి, పాకం కాలువల్లోంచి జారి మూలనున్న జాడీలో పడేది. మంట లేదు, యంత్రం లేదు, పులవడం లేదు. మావాడు గట్ల వాలు చూస్తూ చాలాసేపు వంగి నిలబడ్డాడు. "మంచిగ జేసిన్రు మామా" అన్నాడు. పనివాడు పనివాడికిచ్చే మెప్పు అది.

తిరిగివచ్చేటప్పుడు దారిలో ఒక తోట దగ్గర బండి ఆపమన్నాడు. ఒక మనిషి నడుముకీ చెట్టుకీ కలిపి తాడు చుట్టుకుని ఖర్జూరం ఎక్కుతున్నాడు. ముందుకి వంగి తాడు వదులు చేస్తాడు, పైకి విసురుతాడు, వెనక్కి వాలి అడుగు వేస్తాడు. అచ్చం మోకే. మావాడు రోడ్డు దాటి అటు వెళ్ళాడు. ఆ మనిషిది బంగ్లాదేశ్. ఏం మాట్లాడుకున్నారో తెలియదు, పది నిమిషాల్లో మావాడు చెట్టు మీద ఉన్నాడు.

తరువాత జరిగింది చట్టాల పుణ్యం. 2020లో ఇక్కడ పాత యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారవచ్చని చట్టం మార్చారు. ముందుగా నోటీసు ఇచ్చి, కాగితాలు సరిగ్గా పెట్టుకోవాలి. ఆ కాగితాల పని నేను చూశాను. మూడు నెలలు పట్టింది. ఇప్పుడు వాడు ఒక తోటల కంపెనీలో ఖర్జూరపు చెట్ల పనివాడు. జీతం పదిహేను వందలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మగపువ్వు రెమ్మలు తెచ్చి ఆడగెలల్లో కట్టాలి. తరువాత గెలలు పలచన చెయ్యాలి, బరువుకి విరగకుండా కట్టాలి. జూలైలో కోత. సూక్ వాకిఫ్‌లో ఏటా జరిగే ఖర్జూరాల సంతకి వాడి తోట కాయ కూడా వెళ్ళింది. ఖలాస్, ఖనేజీ, షీషీ, బర్హీ, పేర్లన్నీ వాడికి నోటికొచ్చు. ఖర్జూరపు చెట్టు చుట్టూ ఉన్న విద్యలన్నిటినీ యునెస్కో వారసత్వంగా గుర్తించిందనీ, 2022లో అందులో ఖతార్ కూడా చేరిందనీ చెబితే, "అట్లనా, మరి మన గీత చేర్చిన్రా?" అని అడిగాడు.

మన గీత సంగతి ఊరికి వెళ్ళినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. హైదరాబాదులో 2004లో మూసిన కల్లు దుకాణాలు 2014లో తెరిచారు. 2023 మేలో నెక్లెస్ రోడ్డున నీరా కేఫ్ పెట్టారు. 2024 జూలైలో చెట్టు మీంచి జారినా పడిపోకుండా పట్టే కిట్లు కాటమయ్య రక్షణ కవచం అని మా కులదేవుడి పేరుతో ఇవ్వడం మొదలుపెట్టారు. ముప్ఫై ఏళ్ళ ముందు వచ్చి ఉంటే మా అన్న ఉండేవాడు. మా ఊళ్ళో మాత్రం ఎక్కేవాళ్ళు నలుగురే మిగిలారు. ఈతవనం ఉన్నచోట ప్లాట్లు వేశారు.

పోయిన దసరాకి వెళ్ళినప్పుడు బాపు అటక మీంచి మోకు దింపించాడు. ఆయనే పేనిన తాడు, చేతులు పట్టి పట్టి నున్నగా నల్లబడింది. మనవడికి ఇమ్మన్నాడు. కత్తి కూడా తీసుకెళ్ళనా అని అడిగాను. విమానంలో సామాన్లలో పెట్టుకోవచ్చు కదా అని నా ఆలోచన.

"కత్తి ఒద్దు" అన్నాడు. "ఆ చెట్లకు గీత అలవాటు లేదు."

హమద్ ఎయిర్‌పోర్టులో దిగేవాళ్ళ పెట్టెలు కస్టమ్స్ వాళ్ళు యంత్రంలో పెట్టి చూస్తారు. సీసాలుంటే తీసుకుంటారు. నా పెట్టె ఆపారు. ఒక కుర్రాడు, ఖతారీ, మూత తెరిచి పచ్చడి జాడీల మధ్య చుట్టచుట్టిన తాడుని రెండు చేతులతో పైకెత్తాడు. ఇదేమిటన్నాడు. నా అరబ్బీ అంతంతమాత్రం. "నఖ్లా" అని, చెట్టెక్కుతున్నట్టు చేతులు చూపించాను. అతను తాడు నడుముకి పెట్టుకుని ఒకసారి వెనక్కి వాలి చూసుకున్నాడు. వాళ్ళ తాతకీ ఇలాంటిదే ఉండేదట. మళ్ళీ జాగ్రత్తగా చుట్టచుట్టి, పెట్టెలో పెట్టి, తనే జిప్పు వేసి ఇచ్చాడు.